బద్ధకం అనుకునే ముందు…

బడి నుంచి రాగానే బ్యాగు ఓ మూల పడేసి మంచమెక్కే పిల్లలను చూసి ‘వట్టి బద్ధకం’ అని కసురుకుంటాం. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కునుకు, ఆటలంటే విముఖత, చాటుగా బలపాలు, మట్టి తినడం కనిపిస్తే మాత్రం కోపం పక్కనపెట్టి కింది కనురెప్పను కాస్త లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటే అది రక్తహీనత కావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువే.

పాతబస్తీ ఆలస్యంగా పడుకుంటుంది. రాత్రి పదకొండింటికి తిన్న పిల్లలకు పొద్దున్నే ఆకలి వేయదు. కప్పు ఛాయ్‌లో రెండు ఉస్మానియా బిస్కెట్లు ముంచి తినిపించి బడికి తోలేస్తాం. ఛాయ్ ఆకలిని చంపుతుంది. అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అందుకే రాత్రి భోజనం ఒక గంట ముందుకు జరపండి. పొద్దున ఛాయ్ మాన్పించండి.

బదులుగా ఏం పెట్టాలన్నది పెద్ద సమస్యేమీ కాదు. మసూర్ పప్పుతో ఖిచిడీ, దానిమీద కొంచెం ఖీమా మన ఊరి నాష్తాయే కదా! వారానికోసారి కలేజీ వండితే మరీ మంచిది. మాంసం తినని ఇళ్లలో ఉడికించిన శనగలు, తోటకూర పప్పు, పల్లీపట్టీ ఉన్నాయి. పైన నిమ్మరసం పిండితే వాటిలోని ఇనుము బాగా వంటబడుతుంది.

రంజాన్‌లో రోజా ఉంటామని చిన్నపిల్లలు మారాం చేస్తారు. ఉత్సాహాన్ని మెచ్చుకోండి. కానీ కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే విప్పించండి. యుక్తవయసు రానివారికి రోజా విధి కాదు.

అయినా నీరసం తగ్గకపోతే దగ్గర్లోని బస్తీ దవాఖానాకు తీసుకెళ్లండి. రక్తపరీక్షకు డబ్బులు అడగరు. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గకూడదు. నులిపురుగులు ఉన్నా రక్తం తగ్గుతుంది గనుక బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి. ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తే కంగారుపడి ఆపేయకండి, అది మామూలే.

టానిక్కుల ప్రకటనలు నమ్మి వందలు పోయకండి. ముందు కడుపు నింపండి, తర్వాత రక్తం చూపించండి. తిట్లు ఆ రెండూ అయ్యాకే.