చెయ్యి మారిస్తే ఊపిరి మారుతుందా?

2021 మే నెల. కదిరిలో మా వీధి మొత్తానికి ఒకటే పల్స్ ఆక్సీమీటరు. ఇల్లిల్లూ తిరిగి మా ఇంటికొచ్చేసరికి రాత్రయింది. జ్వరంతో ఉన్న మా అవ్వకు ఎడమ చేతి వేలికి పెడితే 95, కుడి చేతికి పెడితే 91. "ఇదేందబ్బీ, చెయ్యి మారిస్తే ఊపిరి కూడా మారుతుందా?" అనింది. నా దగ్గర జవాబు లేదు. ఇంజనీరింగులో చేరి సెన్సార్లు చదివాకే తెలిసింది.

ఈ పరికరం వెనకున్న సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి చెప్పాడు. వేలిలోకి ఎరుపు, పరారుణ కాంతులు పంపుతారు. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్ర కాంతిని తక్కువగా, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే తీసుకుని, ఆ రెండింటి నిష్పత్తి నుంచి శాతం లెక్కగడతారు. అందుకే వేలు కదిలినా, చల్లబడినా, గోళ్లకు రంగున్నా లెక్క తప్పొచ్చు. అవ్వ కుడి చెయ్యి ఆ రాత్రంతా వణుకుతూనే ఉంది.

మరి పరికరాన్ని నమ్మొచ్చో లేదో ఎలా చూడాలి? మూడు మెట్లున్నాయి.

ఒకటి, నిలకడ. చెయ్యి కదపకుండా ఒకే వేలికి ఐదుసార్లు పెట్టి చూడండి.

రెండు, నాడి. మణికట్టు పట్టుకుని నిమిషంపాటు లెక్కపెట్టి, తెరమీది అంకెతో పోల్చండి. నాడే తప్పితే ఆక్సిజన్ శాతాన్నీ నమ్మలేం.

మూడు, నిజం. ధమని రక్తాన్ని ల్యాబులో పరీక్షించి పోల్చాలి. ఐఎస్ఓ 80601-2-61 ప్రమాణం ప్రకారం 70 నుంచి 100 శాతం మధ్య ఆర్ఎంఎస్ దోషం 4 దాటకూడదు. ఇది ఆసుపత్రుల పని. హాస్టల్లో ఊపిరి బిగబట్టి ప్రయోగాలు చేయొద్దు!

మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే మోసపోతాం. వేరుశనగ మండీలో కాటా ప్రతి బస్తాకీ రెండు కిలోలు తక్కువ చూపిస్తే, అదీ నిలకడే కదా! 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం చూడండి. ఆక్సీమీటరు 92–96 చూపినా అసలు విలువ 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. ఎండలో చేన్లకు పోయే మనవాళ్ల విషయంలోనూ అడగాల్సిన ప్రశ్నే ఇది.

కాబట్టి ప్రాజెక్టులో సెన్సారు కట్టే మిత్రులారా, మీ వేలికొక్కదానికే పెట్టి "పనిచేస్తోంది" అనొద్దు. రకరకాల చర్మపు రంగుల మీద, ముసలి చేతుల మీద, వణికే చేతుల మీద చూడండి. సిగ్నల్ బాగాలేనప్పుడు అంకె బదులు "మళ్లీ పెట్టండి" అని చూపించండి.

ఆ రాత్రి మేం రెండు అంకెలూ పక్కనబెట్టి, అవ్వ ఆయాసం చూసి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమె ఇంటికి తిరిగొచ్చింది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఇక మనమే.