షుగరు తగ్గినా ప్రమాదమే!

ఎండాకాలం. భద్రాచలం అడవి పల్లెల్లో తునికాకు పని మొదలైంది. తెల్లారకముందే ఆడా మగా అడవికి పోతారు. ఆకు కోసుకొస్తారు. 50 ఆకులకు ఒక కట్ట కడతారు.

ఒక అత్తకు షుగరు జబ్బు ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకుంది. అంబలి తాగలేదు. కోడలితో అడవికి పోయింది. ఆకు కోస్తుంటే చేతులు వణికాయి. చల్లని చెమట పట్టింది. మాట తడబడింది.

"గాలి సోకింది" అన్నారొకరు. "వడదెబ్బ" అన్నారు ఇంకొకరు.

"అత్తా, పొద్దున ఏమన్నా తిన్నావా?" అడిగింది కోడలు. అత్త లేదన్నట్టు తల ఊపింది. కోడలు కొంగున కట్టిన బెల్లం తీసింది.

"షుగరు మనిషికి బెల్లమా?" అంది పక్కామె.

"ఇప్పుడు ఇదే మందు పిన్నీ!" అంది కోడలు. కాసేపటికి అత్త తేరుకుంది.

ఎందుకిలా జరిగింది? ఇన్సులిన్, కొన్ని మాత్రలు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి. నడక, పని కూడా తగ్గిస్తాయి. తిండి తినకపోతే చక్కెర మరీ పడిపోతుంది. పరీక్షలో 70 కంటే తగ్గితే ప్రమాదం.

గుర్తులు తెలుసుకోండి:
వణుకు, చల్లని చెమట, ఆకలి, గుండెదడ, కళ్లు తిరగడం. ఆ తర్వాత చూపు మసక, చిరాకు, తాగినట్టు తూలడం.

ఏం చేయాలి?
1. వెంటనే 3 చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. లేదా బెల్లం పెట్టండి.
2. 15 నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి.
3. తేరుకున్నాక అన్నమో అంబలో పెట్టండి.
4. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి.

ఆలోచించండి: మీ ఇంట్లో షుగరు ఉన్నవారెవరు? పనికి పోయేటప్పుడు వారి దగ్గర బెల్లం ముక్క ఉంటుందా?