మెట్రో రైలు వస్తే పొగ తగ్గుతుందా?

మొన్న సెలవుల్లో నేను హైదరాబాద్‌ల మా అన్న దగ్గరికి పోయిన. అన్న దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఆటో నడుపుతాడు. రాత్రి పండుకుంటే దగ్గు ఆగదు. "దినమంతా పొగల్నే ఉంటం గదరా" అన్నాడు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

పొగలో ఏముంటుంది?

పెట్రోలు, డీజిలు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే సుమారు 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. దీనితోపాటు సన్నటి మసి వస్తుంది. అది ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల దాకా పోతుంది.

మెట్రో సంగతి

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2020 నాటికి 3 మార్గాలు, సుమారు 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఇది కరెంటుతో నడుస్తుంది కాబట్టి రోడ్డు మీద పొగ వదలదు. అయితే మన కరెంటులో చాలా భాగం బొగ్గు కాల్చితేనే వస్తుంది. ఆ పొగ ఇంకో ఊరి మీద పడుతుంది.

నేను చేసిన పరీక్ష

పోయేటప్పుడు బాలానగర్ నుండి మెట్రోలో పోయి, తెల్ల రుమాలుతో ముఖం తుడుచుకున్న. రుమాలు తెల్లగానే ఉంది. మర్నాడు అన్న ఆటోలో కోఠి పోయొచ్చి తుడిస్తే నల్లగైంది. మెట్రో పొగ తగ్గించిందని నోటుబుక్కుల రాసుకున్న. తర్వాత నా తప్పు తెలిసింది. నేను చూసింది నా ముఖం మీది మసినే. రోడ్డు మీద గాలి మారిందా అని తెలియాలంటే, రైలు రాకముందు, వచ్చిన తర్వాత ఒకే చోట గాలిని కొలిచి పోల్చాలి.

తైవాన్ దేశంలోని తైపే నగరంలో 1996లో మెట్రో మొదలైంది. పరిశోధకులు అట్లనే పోల్చి చూస్తే కార్బన్ మోనాక్సైడ్ 5 నుండి 15 శాతం తగ్గింది.

మరి అంతే ఎందుకు?

బస్సు దిగి మెట్రో ఎక్కినవారి వల్ల పొగ పెద్దగా తగ్గదు. బండి ఇంట్ల పెట్టి వచ్చినవారి వల్లనే తగ్గుతుంది. రోడ్డు ఖాళీ అయితే కొత్త బండ్లు మళ్లీ నింపుతాయి. స్టేషను నుండి ఇంటికి పోను ఏదో ఒకటి దొరకకపోతే ఎవరూ బండి వదలరు. అక్కడనే మా అన్న ఆటో కావాలి. "కరెంటు ఆటో కొనాలని ఉంది, కిస్తీలు ఎట్ల కట్టాలె?" అంటాడు.

కాబట్టి మెట్రో మందు వంటిది. పథ్యం లేకుంటే మందు పనిచేయదు.

ఆలోచించండి: 2022లో మన మెదక్‌కు కూడా రైలు వచ్చింది. పట్నం పోయేటప్పుడు మీరు ఏది ఎక్కుతారు? ఎందుకు?

– 9వ తరగతి విద్యార్థి