తుది బంతి

స్నూకరు బల్లపై ఆడు ఆట. తెల్లబంతిని కఱ్ఱతో పొడిచి, దానిచే రంగుబంతులను కొట్టించి, బల్ల అంచులయందలి సంచులలో పడవేయవలెను. నల్లబంతికి 7 పాయింట్లు.

వృత్తిక్రీడాకారుల ర్యాంకులను నిర్ణయించు పోటీలలో ప్రపంచ చాంపియన్‌షిప్పు ముఖ్యమైనది. 1985వ సంవత్సరమున దాని తుదిపోటీ ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున జరిగెను. ముందుగా 18 ఆటలు గెలిచినవాడే విజేత. అప్పటికే మూడుమారులు జగజ్జేతయైన స్టీవ్ డేవిస్ మొదటి 8 ఆటలను వరుసగా గెలిచెను. ఉత్తర ఐర్లండువాడగు డెన్నిస్ టేలర్ అధైర్యపడలేదు. ఒక్కొక్క ఆటయే గెలుచుచు 17-17తో సమానుడయ్యెను.

అర్ధరాత్రి దాటెను. బల్లపై నల్లబంతి యొక్కటియే మిగిలెను. ఇరువురి గుఱియు తప్పెను. మరల చిక్కిన అవకాశమును టేలర్ విడువలేదు. పోటీయంతటిలో అతడు ముందంజ వేసినది ఆ తుదిక్షణముననే!

బాలలారా! ఆట ముగియువఱకు ఓటమిని ఒప్పుకొనరాదు.