తడి ఆరినా తగ్గని ఎరుపు

మా ఎర్ర మారుతి 800 1996 మోడల్. ఒకరోజు పొద్దున్నే దాన్ని తుడుస్తుంటే ఒక సంగతి కంటపడింది. బానెట్ మీద తడిగుడ్డ లాగితే, గుడ్డ వెళ్లినంత మేరా రంగు దానిమ్మ గింజలా ముదురుగా లేచింది. తడి ఆరేసరికి మళ్లీ అదే వెలిసిన గులాబీ రంగు, మీద సున్నం పూసినట్టు మసక. గుంటూరు మిర్చి యార్డులో తాలుకాయల కుప్ప చూసినవాళ్లకి ఆ రంగు వేరే చెప్పక్కర్లేదు. మళ్లీ పెయింట్ కొట్టించమని ఇంట్లోవాళ్లూ, బయటివాళ్లూ కూడా అన్నారు. తడిపితే కనిపిస్తున్న ఎరుపు ఎక్కడికీ పోలేదు కదా, లోపలే ఉంది కదా అన్నది నా నమ్మకం. దాన్ని బయటికి తేవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తడిస్తే ఎందుకు ముదురుతుంది? మన పాత ఇళ్లలో ఎర్ర గచ్చు తడిగుడ్డ పెట్టగానే ఎందుకు నిగనిగలాడుతుందో, ఇదీ అందుకే. ఎండకి పెయింట్ పైపొర పొడిబారి, కంటికి కనిపించనంత సన్నగా గరుకెక్కుతుంది. దాని మీద పడ్డ వెలుగు లోపలి ఎరుపుని చేరకముందే నాలుగు వైపులా చెదిరి, తెల్లగా మన కంట్లో పడుతుంది. ఎరుపుతో తెలుపు కలిస్తే గులాబీయే. నీళ్లు ఆ గరుకుని పూడ్చి నునుపు చేస్తాయి కాబట్టి చెదురు తగ్గుతుంది, ఎరుపు ఒక్కటే మిగులుతుంది. పాలిష్ చేసే పని ఆ గరుకుని అరగదీయడం. నూనె ఉన్న గ్లేజ్ పని దాన్ని నింపడం. వ్యాక్స్ పని, వచ్చిన నునుపుని కొన్నాళ్లు కాపాడటం. డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఈ మూడు పనుల్లో అది ఏది చేస్తుందో తెలుసుకుని కొనాలి. గరుకు మీద ఎంత ఖరీదైన వ్యాక్స్ రుద్దినా ఆ మెరుపు వారం నిలవదు.

ఎరుపుకే ఈ బాధ ఎక్కువ ఎందుకంటే, అది నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని మింగితేనే ఎర్రగా కనిపిస్తుంది. ఎక్కువ శక్తి ఉన్నవి ఆ వెలుగులే. వాటికి అతినీలలోహిత కిరణాలు తోడై రంగుపొడినీ, దాన్ని పట్టి ఉంచే రెసిన్‌నీ ఏళ్ల తరబడి విరగ్గొడుతూ ఉంటాయి. పాతకాలపు ఎరుపు రంగుపొడుల్లో చాలావాటికి ఆ దెబ్బకి ఆగే సత్తా తక్కువ. 1980ల్లో స్విట్జర్లాండ్ కంపెనీ సిబా-గైగీ డీపీపీ అనే కొత్త రకం తెచ్చాక పరిస్థితి మెరుగైంది. ఫెరారీ ఎరుపు అని పేరుపడింది ఆ కుటుంబంలోదే.

మొదటి పరీక్ష తడి అరచేయి. తడిపినప్పుడు ఎరుపు తిరిగి వస్తే పాలిష్‌తోనూ వస్తుంది. తడిపినా తెల్లమచ్చలు అలాగే ఉండి, అంచులు పొలుసుల్లా లేస్తుంటే పైనున్న క్లియర్ కోట్ ఊడిపోతోందని అర్థం. దాన్ని ఏ పాలిషూ అతికించలేదు, ఆ భాగానికి పెయింటే గతి. రెండో పరీక్ష తెల్లగుడ్డ. డిక్కీ డోర్ కింది అంచులాంటి కనబడని చోట కాస్త తెల్ల పాలిష్ వేసి రుద్దాలి. గుడ్డకి ఎరుపు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింట్, అంటే రంగూ మెరుపూ ఒకే పొరలో ఉన్న పాత పద్ధతి. ఎరుపు అంటకుండా మురికి మాత్రమే వస్తే పైన రంగులేని క్లియర్ కోట్ ఉన్నట్టు. ఈరోజుల్లో షోరూం నుంచి వచ్చే కార్లు దాదాపు అన్నీ ఈ రెండో రకమే. మా బండి గుడ్డని పారాణిలో ముంచినట్టు చేసింది.

ఏ రకమైనా కడుగుడు ఒకటే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొద్దున్నే, నీడలో, బానెట్ చేతికి చల్లగా తగిలినప్పుడు మొదలుపెట్టాలి. ముందు ధారగా నీళ్లు కొట్టి దుమ్ము జారనివ్వాలి. రెండు బకెట్లు కావాలి, ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. పొడి దుమ్ము మీద పాత బనియన్‌తో తుడవడం మన దగ్గర ఇంటింటి అలవాటు. ఎండలో సాలెగూడులా గుండ్రంగా మెరిసే గీతలన్నీ అలా పడ్డవే. బోరు నీళ్ల సుద్దమరకలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాలుంచి, ఆరకముందే కడిగేయాలి. మళ్లీ అవే బోరు నీళ్లు బండి మీద ఆరితే చేసిందంతా వృథా. కడగడం అవగానే మైక్రోఫైబర్ గుడ్డతో తడి లేకుండా అద్దాలి.

ఆరాక పల్చటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాసి చూడండి. ఉత్త చేతికి తెలియని గరుకు ఆ కవరులోంచి ఇసుకలా తగులుతుంది. అది తారు, చెట్ల జిగురు, రైలు పట్టాల దగ్గర ఆపితే ఇనుప రజను. దానికి క్లే బార్ అనే మెత్తటి ముద్ద వాడాలి. షాంపూ నీళ్లు చల్లి, ముద్దని సబ్బుబిళ్లలా జార్చాలి తప్ప నొక్కకూడదు. ముద్ద నల్లబడ్డప్పుడల్లా మడిచి కొత్త ముఖం తిప్పుకోవాలి. కింద పడితే ఆ ముద్ద ఇక పనికిరాదు, ఎంత ఖరీదైనా పారేయాల్సిందే. దానికంటుకున్న ఒక్క ఇసుకరేణువు చాలు, తలుపు పొడుగునా గీత పడటానికి.

ఇక్కడి నుంచి దారులు రెండు.

పాత సింగిల్ స్టేజ్ ఎరుపుకి ఆకలి నూనె మీద. నేను వాడింది మెగ్వయర్స్ నంబర్ 7 గ్లేజ్. ఆ కంపెనీ 1901లో అమెరికాలో ఫర్నిచర్ పాలిష్ చేస్తూ మొదలైంది. ఎండిన చెక్కకి నూనె పట్టించే పనికీ, ఎండిన ఎరుపుకి పట్టించే పనికీ పెద్ద తేడా లేదని చేస్తున్నకొద్దీ నాకు అర్థమైంది. ఈ గ్లేజ్‌లో అరగదీసే పొడి ఉండదు. బొంతలా ఉన్న కాటన్ టవల్ ముక్క మీద ధారాళంగా పోసి, చేత్తోనే, ఒక్కో భాగాన్ని ఐదారు నిమిషాలు రుద్దాను. ఎండి చచ్చిన పైపొర గుడ్డలోకి ఎర్రగా వచ్చేస్తుంటే గుండె జారింది, కానీ పోవాల్సింది అదే. ఆ పైన మరో పూత దట్టంగా పట్టించి తుడవకుండా రాత్రంతా వదిలేశాను. తెల్లారి చూస్తే టాప్ మీద పూత చాలాచోట్ల ఇంకిపోయి ఉంది, తలుపుల మీద తడితడిగానే మిగిలింది. ఎండ ఎక్కడ ఎంత తిన్నదో దాన్ని బట్టే తెలిసిపోయింది. టాప్‌కి, బానెట్‌కి రెండో రాత్రి కూడా పట్టించాను. ఆ తర్వాతే సన్నరకం పాలిష్, అదీ చేత్తో ఒక్కసారి.

ఇలాంటి పెయింట్ మీద ముందే రబ్బింగ్ కాంపౌండ్ పెట్టొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఇదే బండిని ఒక షెడ్డులో ఇచ్చాను. ఉన్ని ప్యాడ్ పెట్టిన మెషిన్‌తో గంటలో అద్దంలా చేసి ఇచ్చారు. ఇంటికొచ్చాక బానెట్ ముందంచు చూస్తే వేలెడు పొడుగున ఎరుపు లేదు, కింద ప్రైమర్ బూడిద రంగులో తేలి ఉంది. అంచుల మీద, ఒంపుల మీద పెయింట్ సహజంగానే పల్చన. మెషిన్ బరువంతా అక్కడే పడుతుంది. పోయిన రంగుని ఏ డబ్బా తిరిగి తేలేదు.

క్లియర్ కోట్ ఉన్న కొత్త ఎర్రకార్ల దారి వేరు. వీటికి నూనె ఇంకదు. పైనున్న ఆ గాజులాంటి పొర గీతలు పడి మసకబారడం వల్లే ఎరుపు లోతు తగ్గుతుంది. మొత్తం పెయింట్ మందం మామూలుగా 100 నుంచి 130 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ వాటా 40 నుంచి 50. మన తలవెంట్రుకే ఇంచుమించు 70 మైక్రాన్లుంటుంది. కాబట్టి ప్రతి పాలిషూ ఆ కొద్దిపాటి ఆస్తిలోంచి తీసే ఖర్చే. ముందు రెండడుగుల చదరం కొలిచి, టేపు అంటించి, ఉన్నవాటిలో అన్నిటికన్నా మెత్తని పాలిష్‌ని మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో ప్రయత్నించాలి. దాంతో గీతలు పోతే అక్కడితో సరి. పోకపోతేనే ఒక మెట్టు గట్టిది. మెషిన్ కొనేట్టయితే గిరగిరా ఒకే ఇరుసు మీద తిరిగే రోటరీ వద్దు, ఊగుతూ తిరిగే డీఏ రకం తీసుకోండి. ఒకేచోట వేడి పుట్టించదు, చేయి తిరగనివాళ్లకి అదే క్షేమం. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్లతో పల్చన చేసి ఆ చదరాన్ని తుడవాలి. పాలిష్‌లోని నూనెలు గీతల్ని దాచి మనల్ని మభ్యపెడతాయి. తుడిచాక ఫోన్ టార్చి వెలుగులో ఏం కనిపిస్తే అదే నిజం.

ఇప్పుడు వ్యాక్స్. కార్నౌబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు ఒక చెట్టు మైనం. ఆ చెట్టు మన తాటిచెట్టుకి చుట్టమే, ఆకు కూడా విసనకర్రలాగే విచ్చుకుంటుంది. ఆ కరువు నేలలో ఆకులోని నీరు ఆవిరైపోకుండా ఈ మైనం పూత కాపాడుతుంది. ఆకుల్ని ఎండబెట్టి, దులిపి దాన్ని రాలుస్తారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరిగితే ఇది 82 దాటాకే కరుగుతుంది. రాయిలా గట్టిది కాబట్టి నూనెలు, ద్రావకాలు కలిపి పేస్టుగా చేసి అమ్ముతారు. ఎరుపు మీద దీని వెచ్చదనాన్ని నా కంటికి ఇంకేదీ ఇవ్వలేదు. దీని లోపం ఆయుష్షు. ఎండలో ఆపే బండికి మన వేసవిలో నెల, మహా అయితే రెండు నెలలు. సింథటిక్ సీలెంట్ అంతకు రెట్టింపు పైనే నిలుస్తుంది కానీ దాని మెరుపు కాస్త గాజులా, చలువగా ఉంటుంది. రోజూ ఆఫీసు ఎదుట ఎండలో నిలిపే కారుకి ముందు సీలెంట్ వేసి, ఒక రాత్రి ఆరనిచ్చి, ఆ పైన కార్నౌబా పూయమంటాను. షెడ్డులో ఉండే పాత బండికి కార్నౌబా ఒక్కటే చాలు.

సిరామిక్ కోటింగ్ గురించి తరచూ అడుగుతారు. అది పట్టాలంటే ఉపరితలం మీద నూనె చుక్క ఉండకూడదు. మా బండిలాంటి పెయింట్ బతికేదే నూనె మీద, కాబట్టి ఆ రెండిటికీ పొత్తు కుదరదు. కొత్త క్లియర్ కోట్‌కి నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, గీతలన్నీ తీశాక మాత్రమే. లేకపోతే ఆ గీతలు కోటింగ్ కింద ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఎర్రరంగు కలిపిన వ్యాక్సులు కూడా అమ్ముతున్నారు. గీతల్లో రంగు నింపి రెండు వానల దాకా మురిపిస్తాయి, నల్ల ప్లాస్టిక్ మీద పడితే మరక మిగులుతుంది. నేను కొనను.

పూత విషయంలో అందరూ చేసే పొరపాటు దండిగా రాయడం. ఫోమ్ ముక్కని డబ్బాలో ఒక్క చుట్టు తిప్పితే సగం బానెట్‌కి సరిపోవాలి. ఊపిరి తగిలినట్టు పల్చటి మసక కనిపిస్తే అదే సరైన పూత. అద్దాల అంచు రబ్బర్లకి, బంపర్ ప్లాస్టిక్‌కి ముందే టేపు వేయండి, వ్యాక్స్ ఆరితే వాటి మీద తెల్లచారలు వదలవు. పది నిమిషాలయ్యాక వేలితో చిన్న గీత లాగి చూడాలి. గీసిన చోట శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, వేలికి జిడ్డుగా సాగితే ఇంకా ఆగాలి. మొదటి గుడ్డ మైనం తీయడానికి, రెండో గుడ్డ మెరుపు తేలడానికి. రెండో పూత మర్నాడు.

నాలుగో రోజు సాయంత్రం పని ముగించి బండిని వేపచెట్టు పక్క నుంచి తీసి వరండా ముందు పెట్టాను. టాప్ మీద వెనక మూల అరచేయంత మేర ఇంకా పాలిపోయే ఉంది, బానెట్ అంచున ఆ బూడిద గీతా అలాగే ఉంది. తెల్లారి లేవగానే చేయి తడిపి బానెట్ మీద అడ్డంగా రాశాను. ఎక్కడ తడి ఉందో, ఎక్కడ లేదో గుండ్రంగా ముడుచుకున్న నీటిచుక్కల్ని చూసే పోల్చుకోవాల్సి వచ్చింది. రంగులో తేడా లేదు.