పుస్తకాల కోసం ఇచ్చే సొమ్ముతో ఏం కొనాలి?



ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు పుస్తకాలు కొనిపెట్టాలనుకునేవారు ఎక్కువగా దళసరి అట్టల సెట్ల వైపే చూస్తారు. వాటితో బీరువాకు అందం వస్తుంది గాని, దాని తాళం తీసేవారుండరు. సదఖా జారియాగా ఇచ్చేది జారీగా సాగాలి కదా! ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివే పదో తరగతి పిల్ల వారంలో పూర్తిచేయగల పుస్తకం ముందు కొనండి.

సాహిత్యంతో మొదలుపెట్టడం మేలు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు వైపు ముస్లిం ఇంటి బాల్యాన్ని అక్కడి యాసలోనే చెబుతాయి. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ మన సీమ రచయిత పుస్తకం. దానికి 2011లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. తన ఇంటి మాట తెలుగు అచ్చులో చూసిన పిల్ల రెండో పుస్తకం తానే అడుగుతుంది.

చరిత్రకు సయ్యద్ నశీర్ అహమ్మద్ రాసిన స్వాతంత్ర్యోద్యమ ముస్లింల పుస్తకాలున్నాయి. సొంత ఊరి చరిత్ర కావాలంటే మాత్రం కర్నూలు పాత పుస్తకాలు తిరగేసి లాభం లేదు. 1953 దాకా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లావి. కాబట్టి 1904 నాటి ఫ్రాన్సిస్ బళ్ళారి గెజిటీరు తెరవాలి. అది ఇంగ్లీషు. జుమా తర్వాత ఒక ఉపాధ్యాయుడు రెండు పేజీలు తెలుగులో చెబితే చాలు. ఆదోని జామియా మసీదును 1662లో కట్టించింది బీజాపూరు పాలకుల తరఫున ఇక్కడ ఏలిన సిద్ది మసూద్ ఖాన్. మొగలు సైన్యం ఫిరంగులను మసీదు వైపు తిప్పితే, దాన్ని కాపాడుకోవడానికే ఆయన కోట అప్పగించాడని చెప్పుకుంటారు. ఇందులో రికార్డు ఎంత, చెప్పుకునే మాట ఎంత అని పిల్లలను అడగండి. చరిత్ర చదవడం అక్కడే వస్తుంది.

తత్వశాస్త్రమంటే భయపడనక్కరలేదు. 12వ శతాబ్దంలో అందలూసియాలో ఇబ్న్ తుఫైల్ రాసిన ‘హయ్ ఇబ్న్ యఖ్‌జాన్’ కథే. దీవిలో ఒంటరి పిల్లవాణ్ణి ఒక లేడి పెంచుతుంది. అది చనిపోతే, దాని ఒంట్లోంచి వెళ్లిపోయిందేమిటని వెతుకుతాడు. నిప్పు, నక్షత్రాలు దాటి సృష్టికర్త గురించిన ఆలోచన దాకా వెళతాడు. ఇదీ నోటితో చెప్పదగినదే.

ఒక్కో పుస్తకం పది ప్రతులు కొనండి. పదిమంది ఒకేసారి చదివితే మాట్లాడుకుంటారు. వచ్చే ఏడు అట్టలు చిరిగి కనిపిస్తే నొచ్చుకోకండి, అట్టలు వేయించడానికి కొంత సొమ్ము ఇప్పుడే పక్కన పెట్టండి.