అయ్యగారి బదిలీ ఎవరి నిర్ణయము?



"మన అయ్యగారిని మార్చేశారట, ఎందుకు?" ఈ మాట ఏదో ఒక సంవత్సరము ప్రతి సంఘములోనూ వినబడుతుంది. మన ఇంట పెండ్లి జరిపించి, జబ్బు చేస్తే మంచము పక్కన కూర్చొని ప్రార్థించిన కాపరి వెళ్లిపోతుంటే బాధ కలుగుట సహజము. అయితే ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే ఆ బాధ కోపముగా మారదు. మెథడిస్టు సంఘ పరిపాలనను గూర్చి కొంచెము నేర్చుకొందాము.

1. అప్పు తీర్చుటకు మొదలైన క్లాసు

1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ పట్టణములో జాన్ వెస్లీగారి ప్రార్థన మందిరము మీద అప్పు ఉండెను. సభ్యులు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలనీ, పన్నెండుగురికి ఒక నాయకుడు ఇల్లిల్లు తిరిగి దానిని పోగు చేయాలనీ అనుకొన్నారు. అలా తిరుగుతుండగా ఎవరు జబ్బుపడ్డారో, ఎవరింట కలహమున్నదో నాయకులకు తెలియసాగెను. డబ్బు కొరకు పుట్టిన క్లాసు మనుషులను చూసుకొనే క్లాసు అయ్యెను.

2. కాన్ఫరెన్సు

1744లో వెస్లీగారు బోధకులను పిలిచి మొదటి కాన్ఫరెన్సు జరిపారు. తన తరువాత పని చెదరిపోకూడదని 1784లో నూరుగురు బోధకుల పేర్లతో ఒక దస్తావేజు వ్రాయించి, అధికారమును కాన్ఫరెన్సుకు అప్పగించారు. సాధారణముగా ఒక బోధకుని ఒకే మందిరమునకు వరుసగా మూడేండ్లకు మించి నియమించరాదని అందులోనే ఉన్నది. 1791లో ఆయన మరణించినా పని ఆగలేదు. బదిలీ శిక్ష కాదు. సంఘము ఒక్క మనిషి మీద ఆధారపడకుండుటకు చేసిన ఏర్పాటు.

3. మన ప్రాంతములో

తెలంగాణలో మెథడిస్టు పని రెండు శాఖలుగా వచ్చింది. కరీంనగర్, మెదక్, నిజామాబాద్ వైపు పనిచేసినది ఇంగ్లాండునుండి వచ్చిన వెస్లియన్ మిషను. వీరికి బిషప్పులు లేరు. 1947 సెప్టెంబరు 27న వీరు ఇతర సంఘములతో కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినప్పుడు బిషప్పు పదవిని అంగీకరించారు. బిషప్పుతోపాటు గురువులు, సంఘ ప్రతినిధులు కూర్చొను డయోసీసు కౌన్సిలు కూడా అందులో ఉన్నది. 1978లో కరీంనగర్ వేరే డయోసీసు అయినది.

రెండవ శాఖ అమెరికా నుండి వచ్చినది. ఇందులో మొదటి నుండి బిషప్పులున్నారు. ఇది 1947 ఐక్యతలో చేరలేదు. 1981లో మెథడిస్టు చర్చి ఇన్ ఇండియాగా స్వతంత్ర సంఘమైనది. జనరల్ కాన్ఫరెన్సు బిషప్పులను ఎన్నుకొంటుంది. హైదరాబాదు వంటి రీజనల్ కాన్ఫరెన్సులు, వాటి కింద డిస్ట్రిక్టు సూపరింటెండెంట్లు, సంఘ కాపరులు ఉంటారు. కాపరులను ఎక్కడికి పంపాలో బిషప్పుగారు సూపరింటెండెంట్లతో ఆలోచించి నిర్ణయిస్తారు.

4. మన ఆరోగ్యమునకు దీనితో ఏమి పని?

డాక్టరు ఇసబెల్ కెర్‌గారు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రారంభించారు. అది ఆమె ఒక్కరి సొంత పనియే అయితే ఆమెతోనే ముగిసేది. మిషను పని గనుక ఆమె తరువాత కూడా రోగులకు తలుపు తెరిచే ఉన్నది.

నిర్గమకాండము 18వ అధ్యాయము చదవండి. ఒక్కడే తీర్పు తీర్చుచు అలసిపోవుచున్న మోషేకు మామ యిత్రో ఏమి చెప్పెను? పదిమందికి ఒకరిని, యాభైమందికి ఒకరిని నియమించుకొమ్మనెను. భారము పంచుకోకపోతే నాయకుడూ నలిగిపోతాడు, ప్రజలూ నలిగిపోతారు.

అయితే ఎంత మంచి ఏర్పాటైనా మనము కూర్చోకపోతే ఖాళీ కుర్చీలే. కమిటీ ఎన్నికలకు రాకుండా, లెక్కలు చదువునప్పుడు లేచిపోయి, తరువాత ఇంటి అరుగు మీద సణుగుట ఎవరికీ మేలు చేయదు. లెక్క అడుగుట అవిధేయత కాదు, సభ్యుని బాధ్యత.

ఇంటిలో మాట్లాడుకొనుటకు:
- మన సంఘములో లెక్కలు ఎవరు వ్రాస్తారు? ఎవరు తనిఖీ చేస్తారు?
- మన వీధిలో జబ్బుపడినవారి సంగతి కాపరికి ఎవరు చెబుతున్నారు?
- క్రొత్త అయ్యగారు వచ్చిన మొదటి వారము మనము ఏమి చేయగలము?